అగ్గిపెట్టెలో చిన్న ఎ లు

మొన్న మా చిన్నాన్న కొడుకు ఫోన్‌కి ఒక కార్డు పంపాడు. మా ప్రెస్సులో కంపోజింగ్ చేసిన మేస్త్రిగారి పెద్దకర్మ కార్డు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, మంచాన పడకుండానే పోయారని కింద ఇంకో మెసేజ్ ఉంది. కార్డులో ఆయన పేరు బాగా లావుగా, కుడిపక్కకి వాలిన తెలుగు అక్షరాల్లో వేశారు. తండ్రి పేరు అన్నిటికంటే ముందు కనబడాలని పిల్లలు ప్రేమతో చేయించుకున్నదే అది. ఆ పేరు చూస్తుంటే నాకు ఆయన గొంతు చెవిలో ఆడింది.

"వాలిపోయినంత మాత్రాన ఇటాలిక్ అయిపోద్దేటి తల్లీ? చెయ్యి తిరగాల."

ఈ మాట ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే ముందు మా చిన్నాన్న ప్రెస్సు గురించి, అందులో కిటికీ కింద ఉండే ఒక సొరుగు గురించి చెప్పాలి.

* * *

ప్రెస్సు విశాఖపట్నం అల్లిపురంలో ఒక సందులో ఉండేది. రెండే గదులు. ముందు గదిలో ట్రెడిల్ అనే అచ్చు మిషన్, కాగితం కోసే కటింగ్ మిషన్, గోడకి మేకులు కొట్టి వేలాడదీసిన శుభలేఖల నమూనాలు. వెనక గదిలో టైపు కేసులు, అంటే సీసపు అక్షరాలుండే గళ్ల సొరుగులు. స్కూలు వదలగానే నేను ఇంటికి కాకుండా అక్కడికే వెళ్లేదాన్ని. గుమ్మంలో అడుగు పెట్టేసరికి సిరా, కిరసనాయిలు, చెమ్మ పట్టిన కాగితం కలిసిన వాసన వచ్చేది. ఇప్పటికీ ఎవరైనా కిరసనాయిలు సీసా మూత తీస్తే నాకు ఆ గుమ్మమే గుర్తొస్తుంది.

ట్రెడిల్ చప్పుడులో ఒక లెక్క ఉండేది. పెద్ద చక్రం తిరిగే బరువైన శబ్దం, రోలర్లు టైపు మీద పాకే మెత్తటి శబ్దం, చివరికి కాగితం మీద అచ్చు పడే దెబ్బ. కరెంటు పోతే మిషన్‌మేన్ బెల్టు తప్పించి కాలితో తొక్కేవాడు. అప్పుడు ఆ మూడు చప్పుళ్లూ నెమ్మదించి విడివిడిగా వినబడేవి. మాఘమాసంలోనూ శ్రావణంలోనూ రాత్రి పది దాటినా ఆ చప్పుడు ఆగేది కాదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి అదొక అలవాటు. మిషన్ ఆగితే, ఏటైంది బాబూ అని అరుగు మీంచి అడిగేవారు.

మేస్త్రిగారు విజయనగరం దగ్గర పల్లె నుంచి కుర్రతనంలోనే పట్నం వచ్చేశారు. తెల్ల బనీను, మోకాళ్ల దాకా ఎత్తి కట్టిన లుంగీ, దారం కట్టిన కళ్లజోడు. ఎడమ చేతిలో అక్షరాలు వరసగా పేర్చే కంపోజింగ్ స్టిక్. కుడి చెయ్యి కేసులో గళ్ల మీద తిరుగుతుంటే ఆయన చూపు రాతప్రతి మీదే ఉండేది. ఒక్కో అక్షరం పక్కన ఉండే గాడి వేలికి తగిలితే చాలు, అది ఎటు తిప్పి పెట్టాలో ఆయనకి తెలిసిపోయేది. సీసపు అక్షరాలు స్టిక్‌లో పడేటప్పుడు వచ్చే ఆ సన్నటి టిక్కు టిక్కు నాకు చాలా ఇష్టం. ట్రెడిల్ హోరులో కూడా అది వినబడేది.

తెలుగు కేసులు గోడ పొడుగునా ఉండేవి. గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు కలిపి వందల గళ్లు. ఇంగ్లిష్‌కి అంత అక్కర్లేదు. పది పాయింట్ల రోమన్, పన్నెండు పాయింట్ల రోమన్, వాటి ఇటాలిక్‌లు. రోమన్ అంటే నిటారు అక్షరాలు, ఇటాలిక్ అంటే చేతిరాతలా వాలినవి, బోల్డ్ అంటే లావువి. అవి ఎవరు ముట్టుకున్నా ఎవరూ ఏమనేవారు కాదు. కిటికీ కింద మాత్రం విడిగా ఒక సొరుగు ఉండేది. అందులో టైమ్స్ బోల్డ్ ఇటాలిక్, పద్దెనిమిది పాయింట్లదీ ఇరవై నాలుగు పాయింట్లదీ. అంగుళానికి డెబ్బై రెండు పాయింట్లు కాబట్టి పెద్దది అంగుళంలో మూడో వంతు. దాని మీద చెయ్యి వెయ్యాలంటే మేస్త్రిగారిని అడగాల్సిందే. మా చిన్నాన్న యజమాని అయ్యుండీ అడిగే తీసేవారు.

* * *

అంత జాగ్రత్త ఎందుకో ఒకరోజు ఆయనే చూపించారు. నా అరచేతిలో రెండు అక్షరాలు పెట్టారు. ఒకటి రోమన్‌లో చిన్న ఎఫ్, రెండోది బోల్డ్ ఇటాలిక్‌లో చిన్న ఎఫ్. రోమన్‌ది తన దిమ్మ మీద బుద్ధిగా నిలబడి ఉంది. ఇటాలిక్‌ది పైన కొస కుడిపక్కకి, కింద తోక ఎడమపక్కకి దిమ్మ దాటి బయటికి వచ్చేశాయి. పక్క అక్షరం భుజం మీద చెయ్యి వేసినట్టు ఆ కొస పక్కదాని మీదికి వాలుతుంది. కింద ఆధారం లేని సీసం కాబట్టి ఫర్మా, అంటే పేర్చిన అక్షరాల చట్రం, బిగించేటప్పుడు కాస్త ఎక్కువ నొక్కితే విరిగిపోతుంది. ఎఫ్ పక్కన ఐ గానీ ఎల్ గానీ వస్తే ఆ కొస పోయి దాని నెత్తికి తగులుతుంది. అందుకే ఆ జంటల్ని ఒకే దిమ్మ మీద కలిపి పోత పోసేవారు. మా సొరుగులో వాటికి విడిగా గళ్లుండేవి.

తరవాత చిన్న ఎ లు రెండు చూపించారు. రోమన్ ఎ కి పైన ఒక వంపు, కింద ఒక పొట్ట. ఇటాలిక్ ఎ కి ఆ పై వంపే ఉండదు. మనం పలక మీద దిద్దే ఎ లాగే ఒకే గుండ్రన, పక్కన ఒక గీత. కంప్యూటర్‌లో రోమన్ ఎ ని పట్టుకుని ఎంత వంచినా అది ఇటాలిక్ ఎ అవదు. అది వేరే పుట్టుక. ఎన్, ఎమ్, పి లాంటి వాటికి రోమన్‌లో పాదాల దగ్గర అడ్డగీతలుంటాయి, వాటినే సెరిఫ్‌లు అంటారు. ఇటాలిక్‌లో వాటి బదులు కలం కాగితం మీద దిగేటప్పుడు, లేచేటప్పుడు పడే వాలుగీతలుంటాయి. "ఇది రాత తల్లీ. సీసంలో పోసిన చేతిరాత" అనేవారు మేస్త్రిగారు.

దానికి బోల్డ్ తోడైతే పని ఇంకా కష్టం. నిలువు గీతలు లావెక్కుతాయి, సన్నగీతలు మాత్రం దాదాపు సన్నగానే ఉంటాయి. అక్షరం లోపల ఖాళీ తగ్గిపోతుంది. చిన్న ఇ కి ఉండే కన్ను మరీ చిన్నదైపోతుంది. సిరా కొంచెం ఎక్కువైతే ఆ కన్ను పూడుకుపోయి నల్ల చుక్క మిగులుతుంది. మా రోజుల్లో రోలర్లు సరేసు, మొలాసిస్ కలిపి పోసినవి. విశాఖ గాలిలో చెమ్మ ఎంతుంటుందో తెలుసు కదా. వైశాఖంలో సముద్రపు గాలి తగిలి రోలర్లు మెత్తబడి ఉబ్బేవి, సిరా అక్షరం ముఖం మీదే కాక పక్కలకీ పూసేసేవి. అందుకని బోల్డ్ ఇటాలిక్ ఉన్న కార్డులు మేస్త్రిగారు పొద్దున్నే వేయించేవారు. అట్టలు గట్టివి పెట్టి, సిరా తగ్గించి, ప్రతి కట్టకీ ఒకసారి మిషన్ ఆపి, కిరసనాయిలులో ముంచిన కుంచెతో తుడిచి, సూదితో ఆ కళ్లు శుభ్రం చేసేవారు. ఎవరూ అడగని పని అది. పెళ్లివారు భూతద్దం పెట్టి చూడరు. ఆయన చూసేవారు.

* * *

ఇప్పుడు అగ్గిపెట్టె సంగతి.

సీసపు అక్షరాలు పోత పోసే టైపు ఫౌండ్రీలు వాటిని సెట్టుగా అమ్మేవి. సెట్టులో పెద్ద ఎ లు ఎన్ని, చిన్న ఎ లు ఎన్ని అన్న లెక్కతోనే దాని సైజు చెప్పేవారు. మిగతా అక్షరాలు ఆ లెక్కకి తగ్గట్టు ఉండేవి. ఆ తగ్గట్టు అన్నది ఇంగ్లిష్ భాష కొలత. ఇంగ్లిష్‌లో ఎక్కువ వచ్చేది చిన్న ఇ. మరి మన పేర్లు? సత్యనారాయణ అని ఇంగ్లిష్‌లో రాసి చూడండి, చిన్న ఎ ఆరుసార్లు వస్తుంది, ఇ ఒక్కటీ రాదు. కనకమహాలక్ష్మి అన్న పేరులో మళ్లీ ఆరు. బురుజుపేట అమ్మవారి పేరు పెట్టుకోని ఇల్లు మా వీధుల్లో తక్కువ. వరుడు సత్యనారాయణ, వధువు కనకమహాలక్ష్మి అయితే రెండు పేర్లకే పన్నెండు ఎ లు కావాలి. ఇరవై నాలుగు పాయింట్ల చిన్న సెట్టులో అన్ని ఉండవు. ఇ లు మాత్రం గడినిండా కూర్చుని ఉండేవి.

అప్పుడు చిన్నాన్న నన్ను పిలిచేవారు. డాబా గార్డెన్స్‌లో ఆయన స్నేహితుడి ప్రెస్సు ఉండేది. నేను ఖాళీ అగ్గిపెట్టె పట్టుకుని వెళితే అక్కడి కంపోజిటర్ గారు నాలుగో అయిదో ఎ లు లెక్కపెట్టి అందులో వేసి, పైన దూది పెట్టి ఇచ్చేవారు. "గెంతుకుంటూ ఎల్లకు, ముక్కులు ఇరిగిపోతాయి" అని చెప్పి మరీ పంపేవారు. పని అయ్యాక అదే అగ్గిపెట్టెలో తిరిగి ఇచ్చెయ్యాలి. ఒక్కోసారి వాళ్ల మనిషి మా దగ్గరికి వచ్చేవాడు. వాళ్లకి కె లు, వై లు తక్కువయ్యేవి. ఒకరికొకరు పోటీ ప్రెస్సులే, ధర దగ్గర గిరాకీ దగ్గర మాటలు అనుకునేవారే. అక్షరాల అప్పు దగ్గర మాత్రం ఎప్పుడూ లేదనుకోలేదు.

అప్పు తెచ్చిన ఎ లు మావాటితో పూర్తిగా కలిసేవి కావు. ఎక్కువ వాడిన టైపు ముఖం అరిగి ఉంటుంది, కొత్తది పదునుగా ఉంటుంది. ఒకే పేరులో రెండూ పక్కపక్కన పడితే నలుపు తేడా కనబడుతుంది. మేస్త్రిగారు ఆ ఎ లని ఒకచోట పేరబెట్టకుండా, వరుడి పేరులో రెండు వధువు పేరులో రెండు వచ్చేలా సర్దేవారు. అరిగినవాటి కింద పల్చటి టిష్యూ కాగితం ముక్క అంటించి ఎత్తు సరిచేసేవారు.

ఇంకా కొరత పడితే మరో ఉపాయం. తల్లిదండ్రుల పేర్లు, ముహూర్తం, విందు వివరం అన్నీ రోమన్‌లోనో మామూలు ఇటాలిక్‌లోనో వేసి, పెళ్లికొడుకు పెళ్లికూతురు పేర్లు రెండే బోల్డ్ ఇటాలిక్‌లో. చూడగా చూడగా నాకు అర్థమైందేమిటంటే అదే అసలు అందం. కార్డు మీద అంత నలుపు రెండే చోట్ల ఉంటే కన్ను నేరుగా అక్కడికే వెళుతుంది. ఆ రెండు పేర్ల మధ్యన వచ్చే ఆంపర్సాండ్ (&) గుర్తు ఇటాలిక్‌లో ఎంత బాగుంటుందో. రోమన్‌లో అది ముడివేసిన తాడు ముక్క. ఇటాలిక్‌లో మెలికలు విచ్చుకుని రెండు వైపులా చేతులు చాస్తుంది. మా సొరుగులో ఆ గుర్తులు అతి తక్కువ ఉండేవి, ఎన్నేళ్లయినా ఒక్కటీ పోలేదు.

* * *

పెళ్లిళ్లు లేని నెలల్లో ప్రెస్సుని నడిపించింది హార్బరు. పాత పోస్టాఫీసు వైపు షిప్పింగ్ ఏజెంట్ల ఆఫీసులుండేవి. సరుకు లెక్క కాగితాలు, రసీదు పుస్తకాలు, ఓడ ఫలానా రోజున వస్తుందనే నోటీసులు మాకే వచ్చేవి. ఓడ పేరు ఇటాలిక్‌లో వెయ్యాలన్నది ముద్రణలో పాత ఆచారం. పేరుకి ముందు వచ్చే, ఓడ రకం చెప్పే ఎస్.ఎస్., ఎం.వి. లాంటి పొడి అక్షరాలు మాత్రం నిటారుగానే ఉండాలి. నోటీసుకి శీర్షిక బోల్డ్‌లో ఉంటుంది కాబట్టి అందులో ఓడ పేరు బోల్డ్ ఇటాలిక్ అవుతుంది. అండమాన్ వెళ్లే హర్షవర్ధన ఓడ నోటీసు చేసినప్పుడల్లా మళ్లీ ఎ ల కరువే. ఆ ఒక్క పేరులోనే అయిదు.

మేస్త్రిగారికి ఓడల పేర్లంటే ప్రత్యేకమైన గౌరవం. జల ఉష నీళ్లలోకి దిగిన రోజు, అంటే 1948 మార్చి 14న, ఆయన చిన్న గుంటడు. సింధియా యార్డులో నెహ్రూ వచ్చి ఆ ఓడని జలప్రవేశం చేయించారు. జనంలో ఎవరి భుజాల మీదో కూర్చుని చూశానని చెప్పేవారు. ఆ యార్డే తరవాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. "ఓడకి పేరు పెట్టి నీటిలోకి దింపుతారు. మనం కాయితం మీదకి దింపేటప్పుడు అంత మర్యాదా ఉండాల" అని ఆయన వాదన. ఏజెంటు ఆఫీసు గుమాస్తా, త్వరగా కావాలండీ ఏ అక్షరమైనా పర్లేదు అన్నా వినేవారు కాదు. పక్కన కూర్చోబెట్టి టీ తెప్పించి, ఆ పేరు ఇటాలిక్‌లోనే పేర్చి ఇచ్చేవారు.

* * *

కాలేజీలో చేరాక నాకు ప్రెస్సులో ప్రూఫుల పని ఇచ్చారు చిన్నాన్న. నేను రాతప్రతి పైకి చదవడం, మేస్త్రిగారు ప్రూఫు పట్టుకుని వినడం, ఒక్కోసారి అటూ ఇటూ మారడం. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి సెమినార్లకి అచ్చువేసే సంచికలు వచ్చేవి. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం వాళ్లవి వస్తే నాకు పండగే. టైపురైటర్ మీద కొట్టిన కాగితాలు, వాటిలో జీవుల శాస్త్రీయ నామాల కింద స్కేలు పెట్టి గీసిన గీతలు. టైపురైటర్‌కి ఇటాలిక్ లేదు కాబట్టి ఆ గీతే కంపోజిటర్‌కి ఆజ్ఞ. తిన్నటి గీత ఉంటే ఇటాలిక్. అలల్లా వంకీలు తిరిగిన గీత ఉంటే బోల్డ్. తిన్నటి గీత కింద వంకీల గీత కూడా ఉంటే బోల్డ్ ఇటాలిక్. ఆ రెండు గీతల జంట కనబడగానే నేను కిటికీ కింద సొరుగు వైపు చూసేదాన్ని.

మన రామకృష్ణా బీచ్‌కి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ల మీద వ్యాసం ఒకటి బాగా గుర్తుంది. లెపిడోకెలిస్ ఒలివేసియా. మొదటి మాటకి పెద్ద ఎల్, రెండో మాటకి చిన్న ఓ, రెండూ ఇటాలిక్. వెనకాల కుండలీకరణాల్లో ఎష్‌షోల్ట్జ్, 1829 అని ఉంటుంది. ఆ జాతిని మొదట వర్ణించిన శాస్త్రవేత్త పేరూ సంవత్సరమూ. అది మాత్రం నిటారు అక్షరాల్లోనే ఉండాలి. జీవి పేరు వాలుతుంది, దాన్ని వర్ణించినవాడి పేరు వాలదు. వ్యాసం శీర్షిక మొత్తం బోల్డ్, అందులో తాబేలు పేరు బోల్డ్ ఇటాలిక్. ఎక్కడైనా పేరా అంతా ఇటాలిక్‌లో ఉంటే అప్పుడు తాబేలు పేరు తిరిగి రోమన్‌లోకి వచ్చేస్తుంది. చుట్టూ ఉన్నదానికి వేరుగా కనబడటమే దాని పని. ఈ నియమాలు నాకు వ్యాకరణం కంటే ముందు వచ్చాయి. ఇప్పటికీ పత్రికలో శాస్త్రీయ నామం మామూలు అక్షరాల్లో చూస్తే చెయ్యి పెన్సిలు కోసం వెతుకుతుంది.

* * *

ఈ అక్షరాల పుట్టుక గురించి తరవాతెప్పుడో లైబ్రరీలో చదివాను. చదువుతుంటే మేస్త్రిగారు చదువుకోకుండానే చెప్పినవన్నీ అక్కడ కనబడ్డాయి.

వెనిస్‌లో ఆల్డస్ మాన్యూషియస్ అనే ముద్రాపకుడు 1501లో లాటిన్ కవి వర్జిల్ కావ్యాలు చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా వేశాడు. ఫ్రాన్సెస్కో గ్రిఫో అనే కళాకారుడు దానికోసం కొత్త అక్షరాలు చెక్కాడు. అప్పటి పండితులూ కచేరీ లేఖకులూ వేగంగా, కలం ఎక్కువ ఎత్తకుండా రాసే రాతే ఆ అక్షరాలకి నమూనా. పుస్తకం మొత్తం ఇటాలిక్‌లోనే ఉండేది. పెద్ద అక్షరాలు మాత్రం ఇంకా నిటారుగానే ఉండేవి. ఒక మాటని వేరుచేసి చూపించడానికి రోమన్ పక్కన ఇటాలిక్ వాడటం ఆ తరవాత వచ్చింది.

బోల్డ్ మరీ ఆలస్యం. చదివే అక్షరాల పక్కన జతగా వాడుకోవడానికి చేసిన లావు అక్షరాల్లో మొదట పేరు పొందింది 1845లో లండన్‌లో రాబర్ట్ బెస్లీ ఫౌండ్రీ నుంచి వచ్చిన క్లారెండన్. అంటే ఇటాలిక్ పుట్టిన మూడు వందల ఏళ్లు దాటాక. రెండిటినీ కలిపిన బోల్డ్ ఇటాలిక్ ఇంటికి ఆఖరి బిడ్డ. మా సొరుగులోని టైమ్స్ కథ ఇంకా దగ్గరిది. లండన్ టైమ్స్ పత్రిక అచ్చు బాగాలేదని 1929లో స్టాన్లీ మారిసన్ అనే అచ్చు అక్షరాల నిపుణుడు విమర్శిస్తే, వాళ్లు ఆయన పర్యవేక్షణలోనే కొత్త అక్షరాలు చేయించుకున్నారు. విక్టర్ లార్డెంట్ ఆ అక్షరాల బొమ్మలు గీశాడు. 1932 అక్టోబరు 3న పత్రిక వాటితో వెలువడింది. తక్కువ జాగాలో ఎక్కువ మాటలు పట్టాలని చేసిన ఆ వార్తాపత్రిక అక్షరాలు అల్లిపురంలో పసుపు రాసిన కార్డుల మీదకి వచ్చాయి.

* * *

కంప్యూటర్లు వచ్చాయి. ద్వారకానగర్‌లో మెట్లెక్కి వెళ్లే ఒక డీటీపీ సెంటర్‌లో, అంటే కంప్యూటర్ మీద అచ్చుపేజీలు కూర్చే చోట, నేను ఉద్యోగంలో చేరాను. ఏసీ గది, చెప్పులు బయట వదలాలి. 1985లో వచ్చిన ఆపిల్ లేజర్ ప్రింటర్‌లో ఉన్న పదమూడు ఫాంట్లలో టైమ్స్ బోల్డ్ ఇటాలిక్ ఒకటి. 1992లో విండోస్ 3.1తో టైమ్స్ న్యూ రోమన్ ప్రతి కంప్యూటర్‌లోకీ వచ్చేసింది, అందులో బోల్డ్ ఇటాలిక్‌కి విడిగా ఒక ఫైలు. ఎన్ని ఎ లు కావాలంటే అన్ని. మొదటి నెలల్లో నాకు అది అద్భుతంగానే ఉండేది. సత్యనారాయణ అని కొట్టి అలా చూస్తూ కూర్చునేదాన్ని.

మేస్త్రిగారిని ఒకసారి సెంటర్‌కి తీసుకెళ్లాను. కుర్చీ అంచున కూర్చుని కళ్లజోడు పైకి తోసి తెర మీదకి వంగారు. చిన్న ఎఫ్ పెద్దది చేసి చూపించమన్నారు. తోక కిందకి దిగింది. చిన్న ఎ చూపించమన్నారు. ఒకే గుండ్రన. "ఇది అసల్దే" అన్నారు, చాలా సంతోషంగా. తరవాత తెలుగు చూపించమన్నారు. నేను ఒక పేరు కొట్టి, లావు చేసి, ఇటాలిక్ బొత్తం నొక్కాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత అన్న మాటే నేను పైన రాసింది.

అందులో ఉన్న లోపం ఏమిటో నాకు ఫాంట్ల పని లోతుగా తెలిశాక అర్థమైంది. మన తెలుగు ఫాంట్లలో చాలావాటికి విడిగా ఇటాలిక్ గీయలేదు. బొత్తం నొక్కితే సాఫ్ట్‌వేర్ నిటారు అక్షరాన్నే పట్టుకుని వాలుస్తుంది. అది అక్షరం కూర్చునే గీత దగ్గర ఇరుసు పెట్టి వాలుస్తుంది కాబట్టి గీతకి పైన ఉన్నది కుడికి, కింద ఉన్నది ఎడమకి జరుగుతుంది. ఇంగ్లిష్‌లో గీత కిందకి దిగే అక్షరాలు తక్కువ, పెద్దగా తెలియదు. మనకి కింద వత్తులున్నాయి. స్త్రీ అని రాస్తే పైన గుడి దీర్ఘం కుడికి పోతుంది, కింద వత్తులు ఎడమకి పోతాయి. తన అక్షరం కింద ఉండాల్సిన వత్తు పక్క అక్షరం కిందకి తప్పుకుంటుంది. గుండ్రటి సున్నా, ఠ లాంటివి కోలగా సాగిపోయి, లావు ఉండాల్సిన చోట సన్నబడి, సన్నగా ఉండాల్సిన చోట లావెక్కుతాయి. తలకట్టు మామూలుగానే కుడికి లేచి ఉంటుంది, దాన్ని ఇంకా లాగితే పడుకుండిపోతుంది. దానిమీద బోల్డ్ కూడా దొంగ బోల్డ్ అయితే, అంటే అక్షరం అంచులు ఉబ్బించి చేసినదైతే, కళ్లన్నీ పూడుకుపోతాయి. వైశాఖంలో ఉబ్బిన రోలరు చేసే పనే ఇదీ చేస్తుంది.

పాత తెలుగు పుస్తకాల్లో ఒక మాటని ఎత్తి చూపించాలంటే లావు టైపు వాడేవారు, సైజు పెంచేవారు, కొటేషన్లు పెట్టేవారు. వాల్చేవారు కాదు. ఆ పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ఎవరైనా శుభలేఖకి సలహా అడిగితే అదే చెబుతాను.

* * *

ప్రెస్సు మూతపడినప్పుడు టైపంతా తూకానికి వెళ్లింది. సీసం, తగరం, ఆంటిమొనీ కలిసిన లోహం, కరిగిస్తే మళ్లీ పనికొస్తుంది. గోనెసంచుల్లో పోసి రిక్షాలో ఎక్కించారు. తెలుగూ ఇంగ్లిషూ రోమనూ ఇటాలిక్కూ కలిసిపోయిన చప్పుడు విని మేస్త్రిగారు సందు చివరికి వెళ్లిపోయారని చిన్నాన్న చెప్పారు. నేను ఆ రోజు అక్కడ లేను. ఖాళీ కేసులు, నమూనాల ఆల్బమ్‌లు అటక మీద ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పైకప్పు రేకులు ఎగిరిపోయి అవన్నీ తడిసిపోయాయి. ఆల్బమ్‌ల పేజీలు ముద్దయిపోయాయి. ఆయన చేసిన కార్డుల్లో మా దగ్గర మిగిలింది మా ఇంటి పెళ్లిళ్లవి మాత్రమే.

* * *

ఆయన అన్న రెండో మాట, చెయ్యి తిరగాలి అన్నది, నాకు చాలా ఏళ్లు అసంపూర్తిగానే ఉండిపోయింది. ఇటాలిక్ అంటే వేగంగా రాసే చేతిరాత అయితే, తెలుగులో ఆ చేతిరాత ఏది?

అది మా ఇంట్లోనే ఉంది. మా తాతగారు, అంటే నాన్నగారి నాన్నగారు, విజయనగరం వైపు ఒక ఊరికి కరణం. 1984లో కరణాల ఉద్యోగాలు రద్దయ్యేనాటికి ఆయన పోయి చాలా కాలమైంది గానీ ఆయన కాగితాలు ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి. అన్నీ గొలుసుకట్టు రాత. ఒక అక్షరం చివర నుంచి కలం ఎత్తకుండా రెండో అక్షరంలోకి వెళ్లిపోవడం, తలకట్టు ముడి విడివడి పక్క అక్షరానికి దారి అవడం, వత్తు అదే ఊపులో కిందకి దిగి పైకి రావడం. చదవడం కష్టమే. చూడటానికి మాత్రం వెనిస్ లేఖకుల రాతకి ఏ విధంగానూ తక్కువ కాదు. తెలుగుకి నిజమైన ఇటాలిక్ అంటూ చేస్తే అది ఈ రాతలోంచి రావాలని నా గట్టి నమ్మకం. అక్షరాలు ఏ డిగ్రీల్లో వాలాలన్నది తరవాతి సంగతి. అసలు వాలకపోయినా పర్లేదు.

మా అక్క కూతురు ఫాంట్లు గీయడం నేర్చుకుంది. తాతగారి కాగితాలు స్కాన్ చేసి దానికిచ్చాను. ఇద్దరం ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడుకుంటున్నాం. ర, న, స, గ లాంటివి బాగానే కుదిరాయి. లావు రూపం గీసేటప్పుడు సన్నగీతలు ఎంత వరకు సన్నగా ఉంచాలన్న దగ్గర మేస్త్రిగారి సూది గుర్తొచ్చి, కళ్లు కొంచెం పెద్దవి చెయ్యమ్మా అని చెప్పాను. చేసింది. వత్తుల దగ్గర ఆగిపోయాం. గొలుసుకట్టులో ఒకే వత్తు ముందున్న అక్షరాన్ని బట్టి రెండు మూడు రకాలుగా దిగుతుంది. ఏది తీసుకోవాలో ఒక్కరి రాత చూసి తేల్చలేం.

ఇంకో ఇబ్బంది, కరణం కాగితాల్లో భూములు, శిస్తులు, మనుషుల పేర్లే ఉంటాయి. అందులో రాని అక్షరాలు చాలా ఉన్నాయి. ఝ, ఛ, ఋ మాకు ఒక్కటీ దొరకలేదు. ఠ ఒకటి ఉంది గానీ సిరా మరక కింద ఉంది. మీ ఇళ్లల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పాత దస్తావేజులు, ఉత్తరాలు, పద్దు పుస్తకాలు గొలుసుకట్టులో ఉంటే దయచేసి ఒకసారి తీసి చూడండి. అసలు కాగితం ఎవరికీ ఇవ్వక్కర్లేదు. కిటికీ పక్కన ఎండ నేరుగా పడని చోట పరిచి, ఫోన్ వంచకుండా పైనుంచి ఫోటో తీస్తే చాలు. పేర్లు, సర్వే నంబర్లు కప్పేయండి. ఉత్తరాలైతే ఇంకా మంచిది. వాటిలో కుశల ప్రశ్నలు, శ్లోకాలు, తిట్లు కూడా ఉంటాయి కాబట్టి అక్షరాలన్నీ వస్తాయి. ముందుగా మాకు కావాల్సినవి ఝ, ఛ, ఠ, ఋ, ఆ తరవాత య వత్తు, ర వత్తు ఎన్ని రకాలుగా దొరికితే అన్ని.